ఏసీ గదిలో పట్టుగూళ్లు

ఆ రోజుల్లో నాకు కోపం వస్తే నోరు ముందు బయలుదేరేది, బుద్ధి చెప్పులు వెతుక్కుంటూ దాని వెనకాల వచ్చేది. ఇప్పుడు నోరు కాస్త నెమ్మదించింది (గొంతు పాడై, బుద్ధి పెరిగి కాదు). అయినా మొన్న గ్యాసు సిలిండరు కోసం వెళితే, కౌంటరు వెనకున్న అమ్మాయి తలైనా ఎత్తకుండా, సిస్టమ్ అప్‌గ్రేడ్ అవుతోంది, రెండు రోజులు ఆగి రమ్మంది. చూడండి, ఎప్పుడూ రెండు రోజులే. ఒక పూట అనరు, ఒక గంట అనరు. మనిషి పొయ్యి రెండు రోజులు ఆరిపోతే ఏమవుతుందని ఒక్కరూ అడగరు. ఇంటికొచ్చి అరిచాను. అరుస్తూ ఉంటే, పన్నెండు పదమూడేళ్ల కిందట ఇలాగే అరిచిన రోజు ఒకటి గుర్తుకొచ్చింది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు కాబట్టి నేను చెబుతుంటే మా ఆడబిడ్డ రాస్తోంది. ఆమె కుప్పంలో టీచరు. తిట్లు మాత్రం రాయనంటోంది. చదివేవాళ్లే అక్కడక్కడ తగినన్ని కలుపుకోవాలి.

నేను పుట్టింది కోరమండల్ లైన్లలో. లైన్లంటే బంగారు గని మనుషులకు కట్టించిన వరస ఇళ్లు. ఒక ఇంట్లో మిరపకాయ పోపు పడితే పది ఇళ్లవాళ్లు తుమ్మేవారు. తెలుగు, అరవం, కన్నడం, గని ఇంగ్లీషు అన్నీ కలిపి మాట్లాడే చోటు. నాలుగూ మామూలు మాటలకు అక్కర్లేదు, పోట్లాటకు మాత్రం పనికొచ్చేవి. మా నాన్న గని మూసేదాకా భూమి అడుగున నీళ్లు తోడే పంపు దగ్గర పనిచేశాడు. అలాంటి చోట పెరిగినదాన్ని తెచ్చి టేకల్ పక్కన పల్లెలో, పట్టుపురుగులు పెంచే ఇంట్లో ఇచ్చారు. మా ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు ఆవుతో. మా అత్త నన్ను చూసిన మొదటి వారంలోనే, వీడి వంతు మాటలు కూడా ఇదే మాట్లాడేస్తుంది, ఇంగ మనకు దిగులు లేదని ఊరంతా చెప్పుకుంది.

పట్టుపురుగుల పని తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆవగింజంత పురుగులు తెచ్చి, మల్బరీ ఆకు సన్నగా తరిగి పెట్టి, మూడు నాలుగు వారాలు పసిబిడ్డల్లా సాకాలి. నాలుగోసారి కుబుసం విడిచాక అవి తినే తిండి చూస్తే మనకు అన్నం తినాలని కూడా గుర్తుండదు. తర్వాత వాటిని వెదురు తట్టల మీదికి ఎక్కిస్తే, తమ చుట్టూ తామే దారం అల్లుకుని గూళ్లు కడతాయి. ఐదారు రోజులకు ఆ గూళ్లు విడిపించి వెంటనే మార్కెట్‌కు చేర్చాలి. ఆలస్యం చేస్తే లోపలి పురుగు సీతాకోకచిలుకలా రెక్కలొచ్చి, మేం చిలుక అనేది అయి, గూడుకు బొక్క చేసుకుని బయటికి వచ్చేస్తుంది. బొక్కపడ్డ గూటి నుంచి దారం సాగదు. నెల కష్టం దిండులో దూదికి కూడా సరిపోదు. మేం సొంతంగా షెడ్డు వేసుకుని తీసిన మొదటి పంట అది. ఆయన ఆ షెడ్డు గోడలకు తానే సున్నం కొట్టుకున్నాడు. పంట పోతే షెడ్డు మానేసి మళ్లీ కూలికి పోవడమేనని మా అత్త రోజుకోసారి గుర్తు చేసేది (ధైర్యం చెప్పడం ఆమెకు అలాగే వచ్చు).

మా వైపు అమావాస్య నాడు గూళ్లు విడిపించరు. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు, అయినా విడిపించరు. ఆ రోజు మార్కెట్ బోసిగా ఉంటుంది. దాని బదులు మర్నాడు, రెండు రోజుల గూళ్లూ ఒక్కసారే వచ్చి పడతాయి. తేరు నాడు కూడా అంత జనం ఉండరు. ఇది మా ఊళ్లో గొర్రెకు కూడా తెలుసు. మార్కెట్‌లో కంప్యూటరు మార్చాలనుకున్న పెద్దమనుషులకు మాత్రం సగమే తెలుసు. అమావాస్య నాడు ఎవరూ రారని రాసుకున్నారు. మర్నాడు అందరూ వస్తారని రాసుకోలేదు.

మేం పొద్దున తొమ్మిదికి టెంపోలో చేరుకున్నాం. మావి నాలుగు వల సంచులు. లోపలికి వెళితే జనం ఉన్నారు గానీ చప్పుడు లేదు. గూళ్ల మార్కెట్‌లో చప్పుడు లేకపోవడం అంటే పెళ్లింట్లో పొయ్యి వెలగకపోవడం. ఒక స్తంభానికి కాగితం అంటించి ఉంది. గేటుకు కాదు, స్తంభానికి. అంటే మూటలు దించి, టెంపో బాడుగ ఇచ్చి, లోపలిదాకా నడిచి వస్తే తప్ప కనబడదు. ఎవరో చదివి చెప్పారు. కొత్త సిస్టమ్ పెడుతున్నారట, నిన్నటికే అయిపోవాల్సిందట, కాలేదట, ఇంకో రెండు రోజులు వేలం ఉండదట. అంతకు మునుపు అరిచి పాడే వేలం ఉండేది. కంప్యూటరు వచ్చాక ఆ అరిచే మనిషిని తీసేశారు. ఇప్పుడు తూకం యంత్రం నుంచి చీటీ వరకూ అన్నీ దాని చేతిలోనే. అది పడుకుంటే అందరం పడుకోవాల్సిందే.

నా పక్కన కురుడుమలె నుంచి వచ్చిన ఒక తాత మూట ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. ఇంట్లో కోడలి కాన్పు వల్ల ఆయన గూళ్లు విడిపించడం అప్పటికే ఆలస్యమైంది, ఆపైన అమావాస్య అడ్డం పడింది. ఒక గూడు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. నా చెవి దగ్గర కూడా పెట్టాడు. లోపల గలగలమనాల్సింది మెత్తగా కదిలింది.

"లేస్తా ఉండాది తల్లీ," అన్నాడు. "రేపటికి నా మూటలో గూళ్లుండవు, గుడ్లుంటాయి."

ఆ మాట ఆయన ఏడ్చి చెప్పి ఉంటే నేను కూడా ఏడ్చి ఊరుకునేదాన్నేమో. నవ్వుతూ చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. మా ఆయనతో మూటలు జాగ్రత్తగా చూసుకో అని చెప్పి (చెప్పానా? చెప్పాననే ఇప్పటికీ నా వాదన), కొంగు నడుముకు దోపి ఆఫీసు గది వైపు నడిచాను.

తలుపు తీయగానే చల్లగాలి మొహాన కొట్టింది. బయట రేకుల కింద మేం ఉడికిపోతుంటే లోపల ఏసీ. మార్కెట్ ఆఫీసరు శాలువా కప్పుకుని ఉన్నాడంటే మీరు నమ్మాలి. ఆయన పక్కన బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు, నాకన్నా రెండు మూడేళ్లు పెద్దవాడేమో, కళ్లు ఎర్రగా, గడ్డం మాసి, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పాపం అనిపించాల్సింది. అనిపించలేదు. రెండు రోజులు ఎందుకని అడిగాను. తెలుగు వచ్చినవాడే, ఓపికగానే చెప్పాడు. పాత సిస్టమ్‌ను ఆపేసి, అందులోని రైతుల పేర్లన్నీ కొత్తదానిలోకి ఎక్కిస్తున్నాడట, సగంలో ఆగిపోయిందట, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలట. దీన్ని డౌన్‌టైమ్ అంటారట, ముందే అనుమతి తీసుకున్నారట.

"ఎవర్నడిగి తీసుకుంటిరి?" అన్నాను.

"బెంగళూరు ఆఫీసునమ్మా."

"పురుగునడిగితిరా?"

ఆఫీసరు శాలువా సర్దుకుని, "ఆగల్ల అమ్మా, ఆగల్ల," అన్నాడు. కుదరదు అని. ఆయన కన్నడంలో ఆ ఒక్క మాటే నేర్చుకున్నట్టు రోజంతా అదే చెప్పాడు.

నాకు అప్పుడు మా నాన్న గుర్తుకొచ్చాడు. గనిలో పంపు మార్చిన రోజు సంగతి ఆయన ఇంట్లో ఎన్నిసార్లు చెప్పేవాడంటే, మా అమ్మ చెవుల్లో వేళ్లు పెట్టుకునేది. గని అడుగున నీళ్లు ఊరుతూనే ఉంటాయి. పంపు ఆగితే కింద పనిచేసే మనుషులు మునిగిపోతారు. అందుకని కొత్త పంపు వస్తే పాతదాన్ని ముందు ఆపరు. పాతది నడుస్తూ ఉండగానే పక్కన కొత్తది బిగిస్తారు. రెండూ కలిసి ఒక షిఫ్టు నడుస్తాయి. కొత్త గొట్టం నోట్లోంచి నీళ్లు పడడం నాన్న చేయి పెట్టి చూశాకే పాతదాని వాల్వు మూసేవాడు. అప్పటికీ పాత పంపును వారం దాకా అక్కడి నుంచి కదిలించేవారు కాదు, కొత్తది మొరాయిస్తే వెంటనే తిప్పడానికి. బడి మొహం సరిగా చూడని మనుషులు చేసిన పని ఇది. ఇదంతా నేను ఆ ఇంజనీరుకు నిలబడే చెప్పాను. మధ్యలో కొన్ని మాటలు మా ఆడబిడ్డ రాయనన్నవి ఉన్నాయి.

"అమ్మా, కంప్యూటరు పంపు కాదు," అన్నాడు.

"సరే కాదప్పా. మీ పాతది యాడుండాది?"

అతను చూపించలేదు గానీ కళ్లు తిరిగిన వైపు నేనూ చూశాను. గది మూలలో, వైర్లన్నీ ఊడదీసి, తాడుతో కట్టి, పాత కంప్యూటరు పెట్టె. మధ్యాహ్నం టెంపోలో బెంగళూరుకు పంపడానికి సిద్ధంగా ఉంది. తూకం యంత్రం వైరు దానికి తగిలిస్తే ఇవాళ్టి వేలం నడవదా అని అడిగాను. నడుస్తుంది గానీ, ఇవాళ్టి చీటీలు పాతదానిలో ఉండిపోతాయి, కొత్తదానిలోకి తర్వాత ఎవరు ఎక్కిస్తారు అన్నాడు. నువ్వే ఎక్కిస్తావు, నీకు జీతం దానికే కదా అన్నాను. అతను ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు బెంగళూరు వైపు చూశాడు, అంటే కిటికీలోంచి బయటికి. పై నుంచి లెటరు రావాలట. ఆ లెటరు ఎప్పుడొస్తుందని అడిగితే మీకు తెలుసు కదా ఏమన్నాడో. రెండు రోజులు.

ఇక్కడే నా బుద్ధి వెనకబడింది, నోరు ఒక్కటే ముందుకు పోయింది. చిలుక బయటికి రాకుండా ఉండాలంటే గూళ్లు చల్లగా ఉండాలని పురుగులు పెంచేవాళ్లందరికీ తెలుసు. చల్లదనానికి అది నిదానిస్తుంది. మార్కెట్ మొత్తానికి చల్లటి చోటు ఈ గది ఒక్కటే.

"ఎట్లాగూ నీ మిషను పనుకోనే ఉండాది కదా," అన్నాను. "పనుకున్నదానికి ఏసీ ఎందుకు? మా గూళ్లకు ఇయ్యి."

అతను నవ్వాడు, జోకు అనుకుని. నేను తలుపు బార్లా తీసి బయటున్న ఆడవాళ్లను కేకేశాను. గూళ్లు పాడవకుండా చల్లటి గది ఇస్తున్నారు, మూటలు తెచ్చుకోండి అని. ఇస్తున్నారు అన్నది నా సొంత కవిత్వం. ఆడవాళ్లు మాత్రం రెండోసారి అడగలేదు. తలల మీద మూటలతో వరసకట్టి వచ్చారు. మొదట గోడ వారగా పెట్టారు. తర్వాత బీరువా మీద, టేబులు కింద, కుర్చీల మీద. ఆఫీసరు తన కుర్చీని వదలకుండా కూర్చున్నాడు కాబట్టి ఆయన ఒడి పక్కన రెండు పెట్టారు. ఇంజనీరు చుట్టూ మూటలు నడుము దాకా లేచాయి; బాత్రూముకు పోవాలన్నా మా అనుమతి కావాలి. ఒక ఆవిడ ఏసీ ఇంకాస్త పెంచమని అడిగింది. ఇంకొకావిడ కూర్చుని తాంబూలం వేసుకుంది. పట్టుగూళ్లకు ఒక వాసన ఉంటుంది, మాకు అలవాటే, అలవాటు లేనివాళ్లు ఓర్చుకోలేరు. ఇంజనీరు ఒక చేత్తో ముక్కు మూసుకుని ఇంకో చేత్తో మీటలు నొక్కుతున్నాడు.

నేను తాత మూటను అందరికన్నా ముందు పెట్టించాను, ఇంజనీరు టేబులు మీద, ఏసీ గాలి నేరుగా తగిలేచోట. కానీ కొన్ని గూళ్లలో అప్పటికే ఆలస్యమైపోయింది. మూట సందులోంచి ఒక చిలుక తడి రెక్కలతో పాకుతూ బయటికి వచ్చింది. పట్టుచిలుక ఎగరలేదు, రెక్కలు కొట్టుకుంటూ నడుస్తుంది. అది ల్యాప్‌టాప్ మీటల మీదుగా తీరిగ్గా నడిచి, తెర ఎక్కి, అక్కడి నుంచి ఆఫీసరు శాలువా మీదికి చేరి, పుట్టగానే అవి చేసే పని చేసింది. ఎర్రమట్టి రంగు చుక్క, తెల్లటి శాలువా మీద. దాని వెనకాల ఇంకొకటి వచ్చింది. తాత ఆ చిలుకను వేలి మీదికి ఎక్కించుకుని ఇంజనీరు మొహం ముందు పెట్టాడు.

"దీనికి లెటరు అక్కర్లేదు చూడప్పా," అన్నాడు. నవ్వలేదు ఈసారి.

నా అరుపులకు కాదు, ఆ మాటకు లేచాడు ఇంజనీరు. (నిజం చెప్పాలి కదా.) మూటల మీద నుంచి దాటుకుంటూ మూలకు వెళ్లి, పాత పెట్టెకు కట్టిన తాడు పళ్లతో విప్పాడు. అనుమతి లేదని ఆఫీసరు అంటుంటే, మీ శాలువా ఒకసారి చూసుకోండి సార్ అన్నాడు. ఒంటిగంటకు పాతది లేచింది. దాని తెర వెలగగానే ఆడవాళ్లు దండం పెట్టారు. తూకం యంత్రం దానికి తగిలించి, ఇవాళ్టి చీటీలన్నీ విడిగా పెట్టమని గుమాస్తాకు చెప్పి, కొత్తదాన్ని పక్కనే ఉంచుకుని తన పని తాను చేసుకున్నాడు. వేలం మొదలైంది. తాత మూటను అందరికన్నా ముందు తూకం వేయించాం. ఏరి తీసేసినవి పోగా ముప్పాతిక వంతు గూళ్లు నిలబడ్డాయి. ఆయన తిరిగి వెళ్లేటప్పుడు నా తల మీద చేయి పెట్టాడు, నోరు తగ్గించుకో తల్లీ అని కూడా అన్నాడు.

ఇంక గదిలోని మూటలు ఒక్కొక్కటే బయటికి పోవడం మొదలైంది. అన్నీ ఒకే రకం తెల్ల వల సంచులే గానీ, ఎవరి ముడి వాళ్లది. పాత చీర అంచు కొందరు, రిబ్బను కొందరు, మాలూరు వైపు వాళ్లు గోనె పీచు. చీర రంగు చూసి ఇది ఫలానా అత్తది, ఇది ఫలానా వదినది అని పంచేశాం. నేనే దగ్గరుండి పంచాను, రాణిలాగా. మూడు గంటలకు గది ఖాళీ అయింది. నేలంతా పట్టు నూగు, తమలపాకు ఈనెలు, ఇంజనీరు, ఆఫీసరు, నేను. మా మూటలు లేవు.

టేబులు కింద చూశాను. బీరువా వెనక చూశాను. నాలుగు మూటలు, మా అత్త పసుపు చీర చింపి కట్టినవి, ఒక్కటీ లేదు. అప్పుడు నేను ఏమన్నానో రాయడానికి మా ఆడబిడ్డ ఒప్పుకోదు, సారాంశం చెబుతాను. ఇంజనీరును దొంగ అన్నాను. ఆఫీసరును దొంగకు కాపలా అన్నాను. మాలూరు ఆడవాళ్లను వెనక్కి పిలిచి మూటలు విప్పమన్నాను. పాపం ఇంజనీరు మోకాళ్ల మీద కూర్చుని కంప్యూటరు పెట్టె వెనక కూడా వెతికాడు, నాలుగు మూటలు అందులో పట్టినట్టు. నెల కష్టం, సున్నం కొట్టిన షెడ్డు, మా అత్త మొహం అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చి, ఆ గదిలో నేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చేశాను.

తలుపు దగ్గర మా ఆయన నిలబడి ఉన్నాడు. చొక్కా లేదు. చెమటతో తడిసి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు, ఎవరూ మాట్లాడకుండా ఉండే క్షణం కోసం చూస్తున్నట్టున్నాడు.

"మనవి నువ్వు దించనేలేదు కదమ్మీ," అన్నాడు. "టెంపోలోనే ఉండాయి."

మార్కెట్ మొత్తం గూళ్లను ఏసీలోకి చేర్చినదాన్ని, మా నాలుగు మూటలను టెంపోలోనే మరిచిపోయాను. ఎండ ఎక్కుతుంటే ఆయన టెంపో డ్రైవరును బతిమాలి, బండిని గోడ నీడకు తీయించి, తన చొక్కా తడిపి మూటల మీద తగలకుండా పైన కర్రలకు కట్టి, తువ్వాలుతో విసురుతూ కూర్చున్నాడట. తొమ్మిదిన్నర నుంచి మూడు దాకా. నాతో చెప్పడానికి ఒకసారి వచ్చాడట, కానీ నేను పంపు సంగతి చెబుతున్నానట, మధ్యలో ఎందుకని వెళ్లిపోయాడట. ఆ రోజు చివరి తూకం మాదే. ఒక్క గూటికీ బొక్క పడలేదు. షెడ్డు నిలిచింది.

ఇంజనీరు ఆ తర్వాత నెలలో మళ్లీ వచ్చాడని గుమాస్తా చెప్పాడు. ఈసారి రెండు కంప్యూటర్లూ వారం రోజులు పక్కపక్కన నడిపి, అమావాస్యా దాని మర్నాడూ దాటాక, ఒక సాయంత్రం చివరి తూకం అయ్యాక మార్చాడట. అరగంట పట్టిందట. మర్నాడు గూళ్లు తెచ్చినవాళ్లకు సిస్టమ్ మారినట్టే తెలియలేదు. దానికి అతనికి పైవాళ్లు మెచ్చుకుని కాగితం ఇచ్చారని కూడా విన్నాను. అందులో మా నాన్న పంపు లేదు, తాత లేదు, నేను లేను. ఎక్కడో ఒక మూల చిలుక చుక్క అయినా ఉండాల్సింది. ఇప్పటికీ నాకు ఆ మంట తగ్గలేదు.

తగ్గనిది ఇంకొకటి ఉంది. ఆ సాయంత్రం టేకల్ బస్సులో ఆయన నాకు కిటికీ పక్కన చోటిచ్చి, శనక్కాయల పొట్లం కొనిచ్చి, తనంతట తాను ఒక మాట అన్నాడు. "అరిచింది బాగుండె. మనవి యాడుండాయో ఒకతూరి అడిగింటే ఇంగా బాగుండు." ముందు సీట్లో వాళ్లు కూడా నవ్వారు. నాకు అవమానమైపోయింది. టేకల్ దాకా మూతి ముడుచుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. తువ్వాలుతో విసిరి విసిరి అరచేయి బొబ్బలెక్కిన మనిషి, రోజుకు పది మాటలవాడు, ఆ రోజు ఇంకో నాలుగు మాట్లాడదామని వచ్చి, నా మొహం చూసి మళ్లీ ఆగిపోయాడు. ఆయన పోయి ఇప్పటికి మూడేళ్లు. రెండు రోజుల ఆలస్యాన్ని ఒక్క పూటకు దించిన ఘనురాలిని, ఆ మనిషి పక్కన కూర్చుని గంట సేపు ఊరికే పోగొట్టుకున్నాను. ఆ బస్సులో మూతి ముడుచుకు కూర్చున్న ఆ పిల్ల ఇప్పుడు నాకు కనబడితే భుజం తట్టి, బయట ఏముండాదే, ఇటు తిరిగి మాట్లాడు అని చెప్పాలనిపిస్తుంది. వింటుందా? వినదు. దాని కోపం దానిది, పైగా శనక్కాయలు ఇంకా సగం పొట్లం ఉన్నాయి.